ఓడలో చెదిరిన కులం, విమానమెక్కిన కులం: ఇంగ్లీషు వలసలు, తెలుగు కూలీలు, ఉప్పల్–నాచారం వాడలు

వారసత్వం అనే మాట చరిత్ర పుస్తకాల్లో చాలా అమాయకంగా కనిపిస్తుంది. ఒక ప్రాంతపు జనం ఇంకో ప్రాంతానికి పోతే తమ యాసను, తిండిని, దేవుణ్ణి, ఇల్లు కట్టే తీరును, పెళ్లి చేసే తీరును వెంట తీసుకుపోతారనీ, అవి కొత్త నేలలో మళ్లీ మొలుస్తాయనీ రాస్తారు. విత్తనం ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుందన్నట్టే ఉంటుంది ఆ రాత. కానీ విత్తనం మొలవాలంటే భూమి కావాలి. భూమి ఎవరి చేతికొచ్చింది? ఓడకు కిరాయి ఎవరు కట్టారు? ఎవరు పెళ్లాం పిల్లలతో పోయారు, ఎవరు ఒంటరిగా పోయారు? ఈ ప్రశ్నలు వేయకుండా వారసత్వం గురించి మాట్లాడటమంటే దొరల ఇంటి వంశవృక్షాన్ని ఊరి చరిత్ర అని చదువుకోవడమే.

ఉప్పల్, నాచారం వాడల్లో ఉంటూ, యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరంగా చదువుకుంటున్న మాకు అమెరికా తొలి వలసల చరిత్ర ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. జవాబు మన ఉద్యమ చరిత్రలోనే ఉన్నది. జోతిబా ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో న్యూయార్క్ పోయి కొలంబియా యూనివర్సిటీలో చదివాడు. 1916 మే నెలలో అక్కడే కులం పుట్టుక మీద తన వ్యాసం చదివాడు. 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. మన పెద్దలు అమెరికాను దూరదేశంగా చూడలేదు, పోల్చి చూసుకునే అద్దంగా చూశారు. ఆ పని మనం సగంలో వదిలేశాం. బానిసత్వం దగ్గర ఆగిపోయి, అంతకు ముందు ఆ దేశంలో ఎవరు ఎట్లా దిగారు, ఎవరి పద్ధతులు దేశం పద్ధతులయ్యాయి అన్న చోటికి పోలేదు.

ఇంగ్లండు నుంచి నాలుగు దారులు

ఇంగ్లీషువాళ్లు అమెరికా పోయారని మనం ఒక్క మాటలో అంటాం. నిజానికి వాళ్లు ఒక్క మందగా పోలేదు. డేవిడ్ హాకెట్ ఫిషర్ అనే చరిత్రకారుడు 1989లో 'ఆల్బియన్స్ సీడ్' అనే పెద్ద పుస్తకం రాశాడు. బ్రిటన్‌లోని నాలుగు వేరువేరు ప్రాంతాల జనం నాలుగు వేరువేరు కాలాల్లో అమెరికాలో నాలుగు వేరువేరు చోట్ల దిగారనీ, ఆ నాలుగు ప్రాంతాల అలవాట్లే ఇప్పటికీ అమెరికా ప్రాంతీయ తేడాలకు మూలమనీ ఆయన వాదన.

మొదటి దారి ఈస్ట్ ఆంగ్లియాది. సఫోక్, ఎస్సెక్స్, నార్‌ఫోక్ అనే తూర్పు జిల్లాలు, ఆ చుట్టుపక్కల ప్రాంతం. ఉన్ని నేత, చిన్న పట్టణాలు, బైబిలు చదవగలిగిన రైతులు, చేతిపనివాళ్లు ఉన్న చోటు. అక్కడి ప్యూరిటన్లు 1629–1640 మధ్య ఇంచుమించు 20 వేల మంది మసాచుసెట్స్ చేరారు. వాళ్ల నాయకుడు జాన్ విన్‌త్రప్‌ది సఫోక్‌లోని గ్రోటన్ అనే ఊరు, ఆయన ఆ ఊరి భూస్వామి. వాళ్లు తమ ఊళ్ల పేర్లు కూడా మోసుకుపోయారు. లింకన్‌షైర్‌లోని బోస్టన్ పేరు 1630లో అక్కడ బోస్టన్ అయింది. ఇప్స్‌విచ్, డెడమ్, హింగమ్, కేంబ్రిడ్జి అన్నీ ఇట్లా పోయిన పేర్లే. ఫూలే తలచుకున్న విముక్తి కాలంలో అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ పూర్వీకుడు శామ్యూల్ లింకన్ కూడా నార్‌ఫోక్‌లోని హింగమ్ నుంచి 1637లో పోయినవాడే.

రెండోది దక్షిణ, నైరుతి ఇంగ్లండు నుంచి వర్జీనియాకు. 1607లో జేమ్స్‌టౌన్ దగ్గర మొదలైన ఈ వలసకు 1642లో గవర్నరుగా వచ్చిన విలియం బర్క్‌లీ కాలంలో రూపం వచ్చింది. ఆస్తి పంపకంలో వాటా దక్కని చిన్న కొడుకులు, రాజు పక్షపు పెద్దింటివాళ్లు వచ్చి పొగాకు తోటల దొరలయ్యారు. మూడోది ఉత్తర మధ్య జిల్లాల నుంచి, వేల్స్ నుంచి డెలావేర్ లోయకు. 1681లో రాజు నుంచి పట్టా పొందిన విలియం పెన్ వెంట క్వేకర్లు పోయారు. నాలుగోది స్కాట్లండు సరిహద్దు ప్రాంతం నుంచి, అల్‌స్టర్ నుంచి 1718 తర్వాత ఉధృతమై అపలాచియన్ కొండల దాకా పోయింది.

ఈ పుస్తకం నుంచి మనం నేర్చుకోవలసింది ఉన్నది. దేశం పేరు చెప్పి లెక్క తప్పించవద్దు, ఏ జిల్లా, ఏ వృత్తి, ఏ మతశాఖ అని అడగాలి అన్నది మంచి పాఠం. కానీ ఆయన బొమ్మలో నౌకర్లు అంచుల్లోనే ఉండిపోయారు, ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్లకు విడిగా చోటు దొరకలేదు. ఈ విమర్శ అప్పుడే వచ్చింది. ఫిషర్ కూడా 2022లో 'ఆఫ్రికన్ ఫౌండర్స్' పేరుతో బానిసలుగా వచ్చిన ఆఫ్రికన్ల ప్రాంతీయ మూలాల మీద ఇంకో పెద్ద పుస్తకం తెచ్చాడు. ముప్ఫై మూడేండ్లు పట్టింది.

నౌకర్ల రిజిస్టరు

పదిహేడో శతాబ్దంలో వర్జీనియా, మేరీలాండ్ పోయిన ఇంగ్లీషువాళ్లలో నూటికి డెబ్బై అయిదు మంది దాకా దొరలు కారు, స్వతంత్ర రైతులూ కారు. ఒప్పందపు నౌకర్లు. ఓడ కిరాయి లేక, నాలుగు నుంచి ఏడేండ్లు చాకిరి చేస్తామని కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్లు. బ్రిస్టల్ రేవులో 1654 నుంచి 1686 దాకా ఇట్లాంటివాళ్ల పేర్లు ఒక రిజిస్టరులో రాశారు. పది వేలకు పైగా పేర్లు ఉన్నాయి. ఆ రిజిస్టరు పెట్టడానికి కారణం పిల్లలనూ తాగినవాళ్లనూ ఎత్తుకుపోయి ఓడల్లో అమ్మే దొంగలు. 'కిడ్నాప్' అనే ఇంగ్లీషు మాట పుట్టిందే ఈ వ్యాపారంలో.

ఇక్కడ భూమి లెక్క చూడాలి. వర్జీనియాలో 1618 నుంచి ఒక పద్ధతి ఉన్నది. ఎవరు ఒక మనిషి ఓడ కిరాయి కడితే వాళ్లకు తలకు 50 ఎకరాలు. చాకిరి చేసేది నౌకరు, ఆ నౌకరు తల లెక్క మీద భూమి వచ్చేది దొరకు. పది మంది నౌకర్లను దింపితే ఐదు వందల ఎకరాలు. ఇట్లా పెరిగిన తోటల వారసులే తర్వాత వర్జీనియా కులీనులమని చెప్పుకున్నారు. వాళ్ల ఇండ్లు, గుర్రాలు, విందులు, వేట దక్షిణ ఇంగ్లండు వారసత్వమని పుస్తకాల కెక్కాయి. బ్రిస్టల్ రిజిస్టరులోని పది వేల మందికీ ఏదో ఒక జిల్లా యాస, పాట, వంట ఉండే ఉంటాయి. వాళ్లలో చాలా మంది మలేరియాకు, విరేచనాలకు, పొగాకు పనికి గడువు తీరకముందే చచ్చిపోయారు. బతికినవాళ్లలోనూ ఎక్కువమందికి పెళ్లి కాలేదు, ఎందుకంటే మొదటి దశాబ్దాల్లో వచ్చినవాళ్లలో ఆడవాళ్లు చాలా తక్కువ.

మసాచుసెట్స్ కథ దీనికి తలకిందులు. అక్కడికి భార్య, భర్త, పిల్లలు, పాస్టరు కలిసి వచ్చారు. ఊరికి ఊరే వచ్చిన సందర్భాలున్నాయి. వచ్చీరాగానే భూమి పంచుకున్నారు, చర్చి కట్టారు. విన్‌త్రప్ 1630లో ఇచ్చిన ప్రసిద్ధ ప్రసంగం సమానత్వంతో మొదలు కాదు. కొందరు ధనికులుగా, కొందరు పేదలుగా, కొందరు పైవాళ్లుగా, కొందరు కిందివాళ్లుగా ఉండటం దేవుడి ఏర్పాటే అన్న మాటతో మొదలవుతుంది. మనకు కొత్తగా వినిపించే మాట కాదు ఇది. పురుషసూక్తం విని పెరిగిన దేశం కదా మనది!

ఆ భూమి ఎక్కడిది? 1620లో 'మేఫ్లవర్' ఓడ దిగిన 102 మంది ప్లిమత్ కట్టిన చోటు పటుక్సెట్ అనే ఊరు. 1616–1619 మధ్య వచ్చిన రోగాలతో ఆ ఊరి జనం తుడిచిపెట్టుకుపోయారు. 1637లో పీక్వాట్ల మీద యుద్ధం చేసి, చిక్కినవాళ్లను దీవులకు బానిసలుగా అమ్మారు. 1641లో మసాచుసెట్స్ చట్టమే యుద్ధంలో పట్టుబడినవాళ్లను బానిసలుగా ఉంచుకోవచ్చు అన్నది. మసాచుసెట్స్ అన్న పేరు కూడా అక్కడి ఆదిజనం పేరే. జనాన్ని తీసేసి పేరు ఉంచుకున్నారు.

వర్జీనియాలో 1619లో ఇరవై చిల్లర మంది ఆఫ్రికన్లు దిగారు. మొదట్లో తెల్ల నౌకరు, నల్ల నౌకరు ఒకే పొలంలో, ఒకే గుడిసెలో ఉన్న కాలం కొంత ఉన్నది. 1662లో చట్టం వచ్చింది, తల్లి ఏ స్థితిలో ఉంటే బిడ్డది అదే స్థితి అని. అంటే పుట్టుకే తీర్పు. 1676లో బేకన్ తిరుగుబాటులో తెల్ల నౌకర్లు, నల్ల బానిసలు కలిసి ఆయుధం పట్టాక దొరలకు భయం పట్టుకుంది. ఆ తిరుగుబాటు ఆదివాసుల మీద దాడులతో మొదలైందన్న సంగతి కూడా మరిచిపోవద్దు. 1691లో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య పెళ్లిళ్లను నిషేధించారు. 1705లో బానిస చట్టాలన్నీ ఒక్కచోట చేర్చి, గడువు తీరిన తెల్ల నౌకరుకు మొక్కజొన్న, కొంత పైకం, ఒక తుపాకి ఇవ్వాలని రాశారు. నల్లవానికి గడువే లేదు. పెళ్లి హద్దు గీస్తే జాతి తయారవుతుంది, జాతి తయారైతే చాకిరి వంశపారంపర్యం అవుతుంది. ఈ మాట మేము మళ్లీ తీసుకుంటాము.

కాలువ నీళ్లు, ఓడ టికెట్లు

తెలుగువాళ్ల వలస చరిత్రను కూడా ఒక్క ముద్దగా చెప్పడం అలవాటైంది. విదేశీ తెలుగువాడు అనగానే డాక్టరు, ఇంజనీరు కళ్ల ముందుకొస్తారు. అంతకు ముందు నూట ముప్ఫై ఏండ్ల చరిత్ర ఉన్నదని చెప్పేవాళ్లు తక్కువ. ఇంగ్లండుకు వేసిన ప్రశ్నే ఇక్కడా వేద్దాం: ఏ జిల్లా, ఏ కులం, ఏ ఓడ?

బ్రిటిష్ పార్లమెంటు 1833లో బానిసత్వం రద్దు చట్టం చేసింది. చెరుకు తోటలకు మనుషులు కావలసివచ్చారు. మారిషస్‌కు కూలీల ఓడలు 1834 నుంచే మొదలయ్యాయి. మన గోదావరి మూలన ఉన్న కోరంగి రేవు పేరు అప్పటికే సముద్రం దాటింది. మారిషస్‌లో, బర్మాలో తెలుగు కూలీని 'కోరంగీ' అన్నారు. రేవు పేరే మనిషి పేరైంది, తర్వాత తిట్టయింది. 1832–33 నందన కరువు గుంటూరు సీమను తినేసింది. 1839 తుఫాను కోరంగిని ముంచింది. కరువు, తుఫాను, అప్పు, వెట్టి అన్నీ ఓడకు దారి చూపాయి.

1860 అక్టోబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ బయలుదేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నెటాల్ రేవు చేరింది. 340 మందికి పైగా ఉన్నారు అందులో, తమిళులూ తెలుగువాళ్లూ కలిసి. 1911లో ఆ వలస ఆగేనాటికి 1,52,184 మంది నెటాల్ చేరారు, మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచే. విశాఖపట్నం, గంజాం జిల్లాలు, ఇప్పటి చిత్తూరు ప్రాంతం కలిసివున్న ఉత్తర ఆర్కాటు ఇందులో ముఖ్యమైనవి. ఫిజీకి మద్రాసు నుంచి మొదటి ఓడ 1903లో పోయింది. బర్మాకు కాగితాలు కూడా అక్కరలేదు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి మేస్త్రీ వెంట రంగూన్ పోయేవాళ్లు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి సమ్మె విరిచాయి, ఆ తర్వాత వాళ్లను పంపించేశాయి. పేదలకూ పేదలకూ మధ్య నెత్తురు పారింది.

అదే కాలంలో ఇంకో తెలుగు ప్రాంతం కథ వేరుగా నడిచింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలువ నీళ్లొచ్చిన చోట భూమి ఉన్న కులాలకు మిగులు వచ్చింది. ఆ మిగులు రైసుమిల్లయింది, కాలేజీ అయింది, సినిమా అయింది, మెడికల్ సీటయింది. 1965లో అమెరికా తన వలస చట్టం మార్చి చదువుకున్నవాళ్లకు తలుపు తెరిచినప్పుడు ఆ తలుపు దాకా పోగలిగినవాళ్లు వీళ్లే. ఆ కాలువ గట్ల మీద పాలేర్లుగా ఉన్న మాల మాదిగలకు నీళ్లు కనిపించాయి గాని అందలేదు.

నిజాం రాజ్యానికి రేవే లేదు. మనవాళ్లు నేల మీదనే నడిచారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బొంబాయి పోయి రోడ్లు, ఇండ్లు కట్టిన తెలుగు కూలీలను 'కామాటీ'లు అన్నారు. వాళ్లున్న చోటు కామాటిపురా. ఆ పేరుకు తర్వాత ఏ అర్థం పట్టిందో అందరికీ తెలుసు, ఊరు కట్టిన చేతుల సంగతి మాత్రం తెలియదు. బోస్టన్ అన్న పేరు వచ్చినవాళ్లు పెట్టుకున్నది. కామాటిపురా, కోరంగీ అన్నవి చూసినవాళ్లు పెట్టినవి. పేర్లలోనే ఈ రెండు రకాల వలసల తేడా దొరుకుతుంది.

నూటికి నలభై మంది ఆడవాళ్లు

నెటాల్ ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. సురేంద్ర భానా అనే చరిత్రకారుడు 1991లో వాటి మీదనే పుస్తకం రాశాడు. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు అని గడులున్నాయి. కులం గడిలో మాల, పరయ, కాపు, జెంటూ, క్రిస్టియన్ లాంటి మాటలు కనిపిస్తాయి. జెంటూ అంటే తెలుగువాడు అని తెల్లవాళ్ల లెక్క. గుమాస్తాకు తోచినట్టు రాసుకున్నాడు. అయినా బ్రిస్టల్ రిజిస్టరు మాదిరిగానే, మన పూర్వీకుల పేర్లు ఊరితో సహా కాగితం మీద మిగిలిన చోట్లు ఇవి. ఊళ్లో పట్టా పుస్తకంలో వాళ్లకు చోటు లేదు, పాలేరు పేరు ఎవరు రాస్తారు? ఓడెక్కినందుకే రాశారు.

ఆ గడిలో రాసిన కులం తోటకు చేరాక ఏమైంది? నెటాల్‌లో, ఫిజీలో పని చేసిన పరిశోధకులు చాలావరకు ఒప్పుకునే సంగతి ఇది: కులం ఒక వ్యవస్థగా అక్కడ నిలబడలేదు. చిన్నచూపు, ఎగతాళి, పేర్లలో ఆనవాళ్లు మిగిలాయి. వృత్తి విభజన, అంటరానితనం, పంచాయితీ చాలావరకు చెదిరిపోయాయి. మద్రాసు డిపోలోనే అందరికీ ఒక్క పొయ్యి. ఓడలో ఒక్క నీళ్ల పీపా. తోటలో అందరికీ ఒకే కొడవలి, ఒకే లైను గది, ఒకే కొరడా. నెలకు పది షిల్లింగుల కూలి కాపుకూ అంతే, మాలకూ అంతే.

అన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటున్నది. నెటాల్‌కు, ఫిజీకి పోయే ఓడల్లో నూరు మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలని నిబంధన. ఆ లెక్కలో స్వకులంలో పిల్ల దొరకడం ఎట్లా? తెలుగువాడు తమిళ పిల్లను, కాపు మాల పిల్లను చేసుకున్నారు. అంబేద్కర్ 1916లో న్యూయార్క్‌లో చదివిన వ్యాసంలో కులానికి ప్రాణం స్వకుల వివాహమేనన్నాడు. ఆడవాళ్ల సంఖ్య, మగవాళ్ల సంఖ్య సరిపోకపోతే కులం ఏమవుతుందన్న లెక్క మీదనే ఆయన వాదన కట్టాడు. సతి, వితంతువుకు పెళ్లి లేకపోవడం, బాల్యవివాహం, ఇవన్నీ ఆ లెక్క సరిచేయడానికి పుట్టాయన్నాడు. కూలీల ఓడల్లో ఆ లెక్క సరిచేసే దారి లేదు. కులం చెదిరింది. గ్రంథాల్లో వాదించుకునే సిద్ధాంతాన్ని చెరుకు తోట రుజువు చేసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కూలీ ఓడ విముక్తి ఓడ కాదు. చావులు, ఆత్మహత్యలు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు ఆ తోటల్లో ఉన్నాయి. గడువు తీరినవాళ్లు కూడా వెళ్లిపోయేటట్టు 1895లో నెటాల్ చట్టం మూడు పౌండ్ల పన్ను వేసింది. 1913లో గని కూలీలు, చెరుకు కూలీలు సమ్మె చేస్తేనే 1914లో ఆ పన్ను పోయింది. కులం చెదిరిన చోట జాతి వివక్ష వచ్చి కూర్చున్నది. మేము చెప్పేది ఒక్కటే, కులం చెదరడానికి ఎవరి మంచితనమూ కారణం కాదు. దాన్ని నిలబెట్టే భూమి, పురోహితుడు, స్వకులపు పెళ్లి, ఊరితో రాకపోకలు ఓడలో పోలేదు.

విమానమెక్కిన కులం

ఇప్పుడు రెండో ప్రయాణం చూడండి. డెల్టా నుంచి అమెరికా పోయినవాళ్లకు ఆ నాలుగూ వెంటపోయాయి. ఇక్కడ భూమి భద్రం. పిల్ల కోసం, పిల్లగాడి కోసం సెలవు పెట్టి ఇంటికి వచ్చారు. గుళ్లు కట్టి అర్చకులను పిలిపించుకున్నారు. సంఘాలు పెట్టుకుంటే అందులోనూ కులం, ప్రాంతం చీలికలు తెచ్చాయి. మసాచుసెట్స్ ప్యూరిటన్లు కుటుంబంతో, పాస్టరుతో, భూమి హామీతో పోయినందుకే వాళ్ల సఫోక్ నిలిచింది. వీళ్ల కులమూ అందుకే నిలిచింది. బ్రిస్టల్ నౌకరు యాస, నెటాల్ కూలీ కులం, రెండూ ఎందుకు నిలవలేదో ఇప్పుడు అర్థమవుతుంది. ఒకటి పోయినందుకు బాధపడాలి, ఇంకొకటి పోయినందుకు సంతోషించాలి. రెండింటి వెనకా ఉన్న సూత్రం ఒకటే.

అందుకే ఇటీవల అమెరికాలో కులం చట్టం దాకా వచ్చింది. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీ మీద కుల వివక్ష కేసు వేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ ఇట్లాంటి బిల్లునే ఆమోదిస్తే, అక్టోబరులో గవర్నరు వీటో చేశాడు. అక్కడ మాకు కులమే లేదు అని వాదించినవాళ్లు మన ప్రాంతాలవాళ్లే. మూడు తరాల కింద నెటాల్ పోయిన మాల మనవడు ఆ మాట అంటే కొంత నిజం ఉంటుంది. పెళ్లి సంబంధాల పేజీలో కులం పేరు, ఉపశాఖ పేరు రాసుకునేవాళ్లు ఆ మాట అనడానికి ఏ ఆధారం చూపిస్తారు?

మన వాడల లెక్క

ఇదే కొలబద్దతో ఉప్పల్, నాచారం చూద్దాం. ఉప్పల్ వరంగల్ బాట మీది ఊరు. రెవిన్యూ కాగితాల్లో ఉప్పల్ కలాన్, అంటే పెద్ద ఉప్పల్. నాచారంలో పారిశ్రామిక వాడ వచ్చింది, చుట్టూ సర్వే ఆఫ్ ఇండియా, ఎన్.జి.ఆర్.ఐ. లాంటి కేంద్ర సంస్థలు వచ్చాయి. నల్లగొండ, వరంగల్, పాలమూరు పల్లెల నుంచి, తర్వాత శ్రీకాకుళం నుంచి, ఇంకా తర్వాత ఒడిశా, బీహార్ల నుంచి పనికోసం వచ్చినవాళ్లు ఇక్కడ అద్దె గదుల్లో దిగారు. 2017లో మెట్రో వచ్చింది. మూసీ ఒడ్డున తోటలుండే బాగాయత్ భూముల్లో లేఅవుట్ వేసి 2019లో ప్లాట్లు వేలం వేశారు. తోట పోయింది, బాగాయత్ అన్న పేరు ఉన్నది. మసాచుసెట్స్ మాదిరే.

మా వాడల పేర్లు చదివితే రెండు చరిత్రలు కనిపిస్తాయి. బీరప్పగడ్డ అంటే కురుమల దేవుడు ఇంకా అక్కడున్నాడని అర్థం. పక్కనున్న హబ్షీగూడ పేరులో ఆఫ్రికా ఉన్నది. నిజాం కొలువుకు హబ్షీ సిపాయిలను తెచ్చుకున్నారు, నగరంలో ఏ.సి. గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వర్జీనియాకు ఆఫ్రికన్లను దింపిన సముద్రాల కథ ఒకటి, హైదరాబాదుకు తెచ్చిన కథ ఇంకొకటి, రెండూ ఒకటి కావు. కానీ రోజూ బస్సు కండక్టరు అరిచే పేరులో ఎవరున్నారో అడగకుండానే మనం దిగి పోతున్నాం.

మేము చూసినంతలో ఈ వాడల్లో రెండు రకాల గల్లీలున్నాయి. ఫ్యాక్టరీ లైన్లలో, ఒంటరి మగవాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక గదిలో ఉండే చోట్ల ఒక్క కుక్కర్, ఒక్క బాత్‌రూం. ఎవడు ఏ ఊరోడు అన్నది ముందు తెలుస్తుంది, ఏ కులపోడు అన్నది తర్వాత. అదే మనిషి పెళ్లి చేసుకుని, పిల్లలను బడిలో వేద్దామని కాలనీలో ఇల్లు చూడబోతే ఇంటామె అడిగే మొదటి ప్రశ్న, "మీరు ఏమోళ్లు?" గది దగ్గర చెదిరినట్టు కనిపించిన కులం గుమ్మం దగ్గర మళ్లీ లేచి నిలబడుతుంది. ఎందుకంటే కాలనీకి ప్లాటు ఉన్నది, కుటుంబం ఉన్నది, పెళ్లీడుకొచ్చిన పిల్లలున్నారు. 2018లో మిర్యాలగూడలో కూతురు దళిత యువకుణ్ణి చేసుకున్నందుకు తండ్రి కిరాయి మనిషితో అతణ్ణి నడిరోడ్డు మీద చంపించాడు. ఆ ఊరు ఉప్పల్ నుంచి మూడు గంటల దూరం. 1691 వర్జీనియా చట్టం కాగితం మీద గీసిన గీత అక్కడ కత్తితో గీశారు.

పట్నం పోతే కులం పోతుందనీ, ఇండస్ట్రీ వస్తే కులం పోతుందనీ, అమెరికా పోతే కులం పోతుందనీ మనలోనూ నమ్మేవాళ్లున్నారు. దూరం వల్ల కులం పోదు. దాని పెళ్లి లెక్క, భూమి లెక్క తెగిన చోటనే పోతుంది.

'ఆది' అన్న మాట

మన పెద్దలు ఈ వలసల సంగతి మనకంటే ముందే పట్టుకున్నారు. 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షత వహించాడు. ఆ సభ పంచమ అన్న పేరును వద్దని ఆది ఆంధ్ర అన్న పేరును ఎత్తుకున్నది. హైదరాబాదులో ఆది హిందూ అన్నారు. 'ఆది' అన్నది గౌరవం కోసం పెట్టుకున్న బిరుదు మాత్రమే కాదు, అదొక చరిత్ర వాదన. ఈ నేల మీద ముందున్నది ఎవరు, తర్వాత దిగి చట్టాలు రాసింది ఎవరు అన్న ప్రశ్న అందులో ఉన్నది. ఆర్య వలస గురించి ఇవాళ జన్యుశాస్త్రం, భాషాశాస్త్రం చాలా సూక్ష్మంగా మాట్లాడుతున్నాయి. ఎవరు ముందన్న రుజువు మీదనే మన హక్కులన్నీ వేలాడదీయనవసరం లేదని అంబేద్కర్ కూడా జాతి సిద్ధాంతాన్ని తోసిపుచ్చి చూపించాడు. అయినా ఊరికి పేరు పెట్టే అధికారం ఎవరిదని అడగడం ఆ తరం మనకు నేర్పిన పాఠం. మాలవాడ, మాదిగవాడ అన్నవి బయటివాళ్లు పెట్టిన పేర్లు. ఆది ఆంధ్ర మనం పెట్టుకున్నది.

చేయవలసిన పని

విద్యార్థులకు, టీచర్లకు, కార్యకర్తలకు మా ప్రతిపాదన చిన్నదే. రిజిస్టర్లు చదవడం నేర్చుకుందాం. బ్రిస్టల్ రిజిస్టరు, నెటాల్ ఓడ జాబితా యజమాని తన లాభం కోసం రాసుకున్నవే, అయినా ఇవాళ నౌకరు మనవలు, కూలీ మనవలు వాటిలోనే తమ ఊరు వెతుక్కుంటున్నారు. మన వాడల్లోనూ ఇట్లాంటి కాగితాలున్నాయి. మూతపడిన ఫ్యాక్టరీ మస్టరు పుస్తకాలు, ఈ.ఎస్.ఐ. కార్డులు, పాత రేషను కార్డులు, బడి అడ్మిషను రిజిస్టర్లు, ఇనాం భూముల పహాణీలు. చిత్తుకాగితాల బండికి పోకముందే వీటిని చూడాలి, జిరాక్సు తీయాలి, పక్కన ముసలివాళ్ల మాట రాసుకోవాలి: ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరి వెంట వచ్చారు, ఒంటరిగానా, ఇంటిల్లిపాదా, వచ్చాక పెళ్లిళ్లు ఎవరితో అయ్యాయి, ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నది?

2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటికీ కులం రాసుకునేవాళ్లు వచ్చారు. కులం గడి మళ్లీ తెరుచుకున్నది. ఈ గడి నెటాల్ గుమాస్తా గడి లాంటిదే కావచ్చు, అది ఎవరి పనికి వస్తుందన్నది మన మీద ఆధారపడి ఉన్నది. భూమి ఎవరికి, సీటు ఎవరికి, ఉద్యోగం ఎవరికి అన్న లెక్క తేల్చుకోవడానికి దాన్ని వాడుకోవాలి. ఆ గడి పక్కన ఇంకో గడి కూడా మన సర్వేలలో మనమే గీసుకోవాలి: మీ ఇంట్లో కులం దాటిన పెళ్లి జరిగిందా? ఆ జంట ఇప్పుడు ఎక్కడ, ఎట్లా బతుకుతున్నది? ఉప్పల్, నాచారం గల్లీల్లో కులం ఎంత చెదిరిందో చెప్పగలిగేది ఆ రెండో గడే.